ఫలక్‌నుమా: ఒక యాతిథ్యగృహచరిత్రము

హైదరాబాదునందలి చార్మినారునకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున నొక గుట్టమీఁద ఫలక్‌నుమా యను ప్రాసాదము గలదు. 1884వ సంవత్సరమునఁ బునాది వేయఁబడి తొమ్మిదేండ్లకుఁ బూర్తియైన యీ కట్టడము 2010వ సంవత్సరము నవంబరు నెలనుండి హోటలుగా నడచుచున్నది. రాజగృహములు హోటళ్లగుట మనదేశమున వింత కాదు. జయపురమున రాంబాగు 1957లోను, ఉదయపురమున సరస్సు నడుమనున్న జగ్‌నివాసము 1963లోను నిట్లే మాఱినవి. ఐనను వానికిని దీనికిని భేద మొకటి కలదు. అవి పాలకులు తమ విహారమునకై యుంచుకొన్నవి. ఇది హోటలు కాకమునుపు నూఱేండ్లక్రిందటనే పరులను దింపు విడిదిగా మాఱినది. ఎవఁడు గృహస్థుఁడు, ఎవఁ డతిథి యను ప్రశ్న యీ యింట మూఁడుమాఱులు తాఱుమాఱైనది. ఆ క్రమమును జూపుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

మొదటఁ బేరు. ఫలక్‌నుమా యనఁగా 'ఆకాశదర్పణము' అని, భవనమును జూపువారు మొదలుకొని గ్రంథకర్తలవఱకు నందఱు నొకే వ్యాఖ్య చేయుచున్నారు. వ్యాఖ్య యందముగా నున్నది గాని శబ్దమునకుఁ దగినది కాదు. 'ఫలక్' అరబ్బీ శబ్దము. ఖగోళము, ఆకాశము అని యర్థము. 'నుమా' యనునది పారసీకమున 'నుమూదన్' అను క్రియనుండి వచ్చినది. చూపుట, కనఁబడుట అని దానికి రెండర్థములు. మన కుంభకార శబ్దమునందువలె నుత్తరపదము క్రియాంశమైన సమాస మిది. నమాజు చేయవలసిన దిక్కును జూపు యంత్రమునకుఁ 'గిబ్లానుమా' యని పేరు. అందద్ద మేమియు లేదు. కావున 'ఆకాశమును జూపునది' యనియో, 'ఆకాశమువలెఁ గనఁబడునది' యనియో చెప్పవలెను. దర్పణము వ్యాఖ్యాతలు తెచ్చిపెట్టినది.

హోటలు శబ్దముకూడ నిచ్చట విచారింపఁదగినదే. లాటిను భాషయందలి 'హాస్పెస్' శబ్దమునకు, ఇంటఁ జేర్చుకొనువాఁడు, చేరవచ్చినవాఁడు అను రెండర్థములును గలవు. హాస్పిటలు, హోటలు ఆ కుదుటినుండియే పుట్టినవి. ఫ్రెంచివారు నగరమునఁ బ్రభువంశీయుఁడు కట్టుకొన్న పెద్దయింటినిఁగూడ హోటలనియే యందురు. ఆ లెక్కను ఫలక్‌నుమా 1893 నాఁడే హోటలు! మనవారు మాత్ర మీ విషయమున మాటలను గలిపివేయలేదు. ధర్మమునకుఁ బెట్టునది సత్రము. వెలకుఁ బెట్టునది పూటకూళ్లయిల్లు. క్రీడాభిరామమున నోరుగంటి పూటకూటింట నొక్క రూకకు దొరకు భోజనమును జదువరు లెఱుఁగుదురు.

ఈ ప్రాసాదమును గట్టించినవాఁడు నవాబు వికారుల్ ఉమ్రా. పైగా వంశమువాఁడు. ఆ వంశమువారు నిజాముల కొలువున సైన్యాధిపత్యము వహించి, వారితో వియ్యమందినవారు. ఈతఁ డాఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను తోఁబుట్టువును బెండ్లాడెను; 1893 మొదలు 1901 వఱకుఁ బ్రధానమంత్రిగా నుండెను. నమూనా గీసినవాఁడు విలియం వార్డు మారెట్ అని ప్రసిద్ధి. కట్టడము తేలు నాకారముననున్నది. రెండు ఱెక్క లుత్తరముగాఁ జాఁపఁబడినవి. ప్రకటనపత్రములలో నిది నగరముకంటె 2,000 అడుగుల యెత్తున నున్నట్లు చదువుచున్నాము. హైదరాబాదు నగరమే సముద్రమట్టమునకు సుమారు 1,750 అడుగుల యెత్తున నున్నది. కావున నా 2,000 అడుగులును సముద్రమునుండి కొలిచినవే కాని చార్మినారునుండి కొలిచినవి కావు. గుట్ట చిన్నదైనంతమాత్రమున భవనమునకు వచ్చిన కొఱఁత లేదు.

లోపలి వైభవమును వర్ణించినవారు పెక్కుఱు గలరు గాన నేను ముగించి చెప్పెదను. ఇటలీ చలువఱాతి మెట్లు, గాజు దీపవృక్షములు, విండ్సరు కోటలోని దానిననుసరించి చెక్కిన కొయ్యకప్పు గల పుస్తకశాల, ఇవి ముఖ్యములు. నన్నాకర్షించినది భోజనశాల. అందలి బల్ల పొడవు 108 అడుగులు. ఒక్కమాఱు 101 మంది కూర్చుండవచ్చును. ఒక కొసను గుసగుసలాడిన మాట రెండవ కొసకు వినఁబడునని చెప్పుదురు. మనవారి పంక్తిలో వడ్డించువాఁడు నడుమ నడచును. విస్తరులవా రిరుప్రక్కల నుందురు. ఇచ్చట నడుమనంతయు బల్లయే. వడ్డన వీఁపువెనుకనుండి జరుగును. మన గృహస్థుఁ డతిథులు లేచినపిదపఁగాని కూర్చుండఁడు; మిగిలినది తినును; అట్టివానిని 'విఘసాశి' యని మన గ్రంథములు మెచ్చుకొన్నవి. ఈ బల్లకు యజమానుఁడు వారితోఁబాటు నడుమఁ గూర్చుండును. నూటొక్కరికిఁ జాలిన బల్లను జేయించినవాని మనసున నున్నది తన కుటుంబమా, తన గొప్పను జూడవచ్చు పరులా యని వేఱుగా నడుగ నక్కఱలేదు.

ఆ బల్లయజమానునకు మిగిలినది ఋణము. కట్టడమునకైన వ్యయ మాతనిని గ్రుంగఁదీసినది. 1897 ప్రాంతమున భవనము నిజాముచేతికిఁ బోయెను. దీనిఁగూర్చి రెండు కథలు వాడుకలో నున్నవి. నిజాము విందునకు వచ్చి, యింటిని మెచ్చి, దినములు గడచినను గదలకుండఁగా, వికారుల్ ఉమ్రా యిది తమదేయని యర్పించెనని యొక కథ. అప్పులవారి బాధ తీఱుటకై యాతని భార్య యీ యుపాయము చెప్పఁగా, నిజాము వ్యయమునకుఁ దగిన ధన మిచ్చి పుచ్చుకొనెనని రెండవది. ఈ రెంటిని విరుద్ధములని కొందఱు తలఁచుచున్నారు. నాకట్లు తోఁపదు. ప్రభువునకు వెల చెప్పుట యా కొలువున మర్యాద కాదు. వెల లేకయే విడుచుట ఋణస్థునకు సాధ్యము కాదు. అర్పణము మాటయందు, విక్రయ మర్థమునందు నున్నవి. ఎట్లైనను నతిథి యింటివాఁడయ్యెను. ఇంటివాఁడు వెడలిపోయి 1902లో మరణించెను. ఇది మొదటి తాఱుమాఱు.

నిజాముచేత నది విడిదియిల్లయ్యెను. 1906లో వేల్సు రాజకుమారుఁడు జార్జి భార్యతోఁ గూడ నిందు దిగెను. 1922లో నాతని కుమారుఁ డెడ్వర్డు వచ్చెను. నిజా మా యతిథులను స్వేచ్ఛగా నేర్చుకొన్నవాఁడు కాఁడు. బ్రిటిషు ప్రభుత్వమునకు లోఁబడిన ప్రభువునకు రాజకుమారుఁడు వచ్చుట గౌరవమును, కప్పమును గూడ. మహబూబ్ అలీఖాను 1911లో మరణింపఁగా, కుమారుఁ డుస్మాన్ అలీఖాను కింగ్‌కోఠీలోనే యుండి యీ భవనమును నచ్చటికి వచ్చు పెద్దలకే విడిచెను. జేకబు వజ్రమును గాగితములమీఁద బరువుగా వాడినవాఁ డితఁడే యందురు. ఆ వజ్రమును గొనియాడువారు చాలమంది గలరు. నాకు దానితోఁ బని లేదు.

ఆ దినములందే తెలుఁగునాఁట మఱియొక యాతిథ్యగృహ ముండెను. గోదావరి లంకలందలి గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) నదిదాఁటు బాటసారులకు వేళయనక యన్నము పెట్టుచుండిరి. ఏడవ యెడ్వర్డు పట్టాభిషేకసమయమున నామె ఛాయాచిత్రమును గోరి తెప్పించుకొనిరని ప్రసిద్ధి. 1906లో ఫలక్‌నుమాలో దిగిన రాజకుమారుని తండ్రియే యా యెడ్వర్డు. పాణిని 'పథ్యతిథివసతిస్వపతేర్ఢఞ్' అను సూత్రమున త్రోవను, అతిథిని, వసతిని నొక్కచోటఁ జేర్చి పాథేయము, ఆతిథేయము, వాసతేయము అను రూపములను సాధించెను. త్రోవయందు మేలైనది పాథేయము. అతిథియెడ మేలైనది యాతిథేయము. సీతమ్మగారి యింట నీ మూఁడును గలవు. ఫలక్‌నుమాకు ద్రోవనడచు పాంథుఁ డెన్నఁడును రాలేదు, పిలువఁబడినవాఁడే వచ్చెను. ఆ ప్రాసాదమును దిట్టుట నా తలంపు కాదు. రెండు జాతుల గృహములని చూపుచున్నాను.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ గలిసెను. 1951లో వచ్చిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారే యా కాలమునఁ జివరి ముఖ్యాతిథి యని చెప్పుదురు. పిదపఁ దలుపులు మూఁతపడెను. ఉస్మాన్ అలీఖాను 1967లో గతింపఁగా నాస్తి మనుమఁడు ముకర్రంజాకు వచ్చెను. 1971లో రాజభరణములు రద్దయ్యెను. పెద్దయింటిని నిలుపుట కప్పులఁ గడుగుటకును, చెదలఁ ద్రోలుటకును, కాపరులకు జీతమిచ్చుటకును రాఁబడి కావలెను. అది లేనియిల్లు గోడలతో మాత్రమే నిలుచును. తుదకుఁ దాజ్ హోటళ్లవారు కౌలునకుఁ దీసికొనిరి. ముకర్రంజా మొదటిభార్య యస్రాబేగముగారి పర్యవేక్షణమున సుమారు పదేండ్లు మరమ్మతు జరిగెను. ఇది రెండవ తాఱుమాఱు: ఇంటివారు కౌలుదారునకుఁ దలుపు తీసిరి.

ఇప్పుడు 60 గదులున్నవి. వచ్చినవారిని గుఱ్ఱపుబండిలో దెచ్చుచున్నారు. మెట్లెక్కునపుడు గులాబిరేకులు చల్లుచున్నారు. 2017వ సంవత్సరము నవంబరు 28న భారతప్రధాని యా నూటొక్కరి బల్లమీఁద విదేశీయులకు విందుచేసెను. ఆ రాత్రి యజమానుఁడు ప్రభుత్వము. తక్కిన రాత్రులందు వెలయిచ్చువాఁడే రాజు. ఇదే మూఁడవది.

పూలు చల్లి వెలపుచ్చుకొనుట యాతిథ్యమా యని మిత్రులు కొందఱు పరిహసించుచున్నారు. వెల పుచ్చుకొను నిల్లు పూటకూళ్లయిల్లే. దాని కా పేరు పెట్టుటలో నవమాన మేమియు లేదు. ఋణముచేసి పెట్టిన 1893 నాఁటి విందుకంటె వెలకుఁ బెట్టు నేఁటి విందు నిజాయితీ గలదని నా తలంపు. ఆ వెలయే లేకున్నచో విండ్సరు కొయ్యకప్పు చెదలపాలై యుండును. నా యాక్షేపము వేఱు. గుట్టక్రింది బస్తీవారు ఫలక్‌నుమా పేరి స్టేషనులో రైలెక్కుచున్నారు. సికింద్రాబాదు హౌరాల నడుమ నడచు బండికిని నా పేరే కలదు. అందుఁ బ్రయాణము చేయువారిలోఁ బెక్కుఱా గడప చూచినవారు కారు. బసచేయనివారికి లోపలఁ బ్రవేశము మిక్కిలి మితము. ఏఁడాదిలోఁ గొన్ని దినములైనను భోజనశాలను, పుస్తకశాలను బడిపిల్లలకుఁ జూపుట హోటలువారికి నష్టము కాదు. ఱాళ్లు మోసినవారి పేళ్లు, పనివాండ్ర కూలి లెక్కలు గల కాగితము లెవరియొద్దనైన నున్నచో వానిని అచ్చొత్తించుట యిట్టి పరిషత్తుల పని. భవనమును జూపువారికిఁ దెలుఁగున నొక చిన్నపుస్తకము వ్రాసియిచ్చుటకును మన మొప్పుకొనవచ్చును. అందద్దము నుండదు, రెండువేల యడుగుల గుట్టయు నుండదు.