చిన్నమ్మ గొంతు, రెండు కాగితాలు

మా చిన్నమ్మది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ, గద్వాల దగ్గర ఒక పల్లె. మెడనొప్పి అని స్కానింగ్ చేయిస్తే, ఆ నొప్పితో సంబంధమే లేని గడ్డ ఒకటి థైరాయిడ్‌లో బయటపడింది. కాగితం మీద ‘1.6 సెంటీమీటర్లు, టైరాడ్స్ 4’ అని ఉంది. చిన్నమ్మ అడిగింది ఒక్కటే: “ఏంది నాయనా, క్యాన్సర్ ఉన్నట్టా, లేనట్టా?”

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే నాకు రెండు పరీక్షల చరిత్ర దొరికింది.

వాటిలో పాతది సూది. గడ్డలోకి సూది గుచ్చి, కణాలు పీల్చి పరీక్షించే పద్ధతిని 1930లో న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్ నుంచి మార్టిన్, ఎల్లిస్ ప్రచురించారు. వాళ్లది లావు సూది. దాన్ని సన్నసూదిగా మార్చి, 1950, 60లలో నిలబెట్టింది స్వీడన్ వైద్యులు. అయితే ఆ కణాలను చూసిన ఒక్కో పెథాలజిస్టు ఒక్కో మాట రాసేవాడు. ఆ గందరగోళం తగ్గించడానికి 2007లో అమెరికాలోని బెథెస్డాలో సమావేశం జరిగింది. ఫలితాలను ఆరు తరగతులుగా విభజించారు. రెండో తరగతి అంటే భయం లేని గడ్డ, ఆరోది క్యాన్సర్. మూడోది మాత్రం ఎటూ తేలనిది.

మార్కులు వేయడం ఈమధ్యది. రొమ్ము పరీక్షల్లో ఉన్న బైరాడ్స్ నమూనాలో, 2009లో చిలీ దేశపు హోర్వత్ బృందం టైరాడ్స్‌ను ప్రతిపాదించింది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ దాన్ని మార్కుల లెక్కగా మార్చింది. గడ్డ గట్టిగా ఉంటే 2, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా కనపడితే 2, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువుంటే 3. మా చిన్నమ్మకు పడ్డవి మొదటి రెండే. మొత్తం 4 మార్కులు, అంటే నాలుగో స్థాయి. ఆ స్థాయిలో గడ్డ 1.5 సెంటీమీటర్లు దాటితేనే సూది వేయమంటారు. మూడో స్థాయికైతే 2.5, ఐదో స్థాయికి 1.

ఈ హద్దులు ఎందుకంటే, దక్షిణ కొరియాను చూడాలి. 1999లో అక్కడ ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షలు మొదలయ్యాక, వాటితోపాటు కొద్ది డబ్బుకే గొంతు స్కానింగ్ కూడా చేయడం మొదలెట్టారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి. చావులు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. ఏ హానీ చేయకుండా ఉండిపోయే గడ్డలను వెతికి పట్టుకుని, గ్రంథులు కోసి, జనాన్ని జీవితాంతం మాత్రల మీద పెట్టారన్నమాట. కాబట్టి మార్కులు పుట్టింది క్యాన్సర్‌ను ఎక్కువగా పట్టడానికి కాదు. అనవసరపు సూదులు ఆపడానికి.

ఈ సంగతి మరిచి, ‘స్కానింగ్ నిజమా, సూది నిజమా’ అని పోల్చితే తప్పుదారి పడతాం. స్కానింగ్ ‘సూది వేయాలా?’ అన్నదానికి జవాబు. సూది ‘కోయాలా?’ అన్నదానికి జవాబు. అసలు తీర్పరి కోసి తీసిన గడ్డే. పైగా మార్కులు తక్కువొచ్చిన వాళ్లకు సూదే వేయరు, సూదిలో భయం లేదని తేలిన వాళ్లను ఎక్కువగా కోయరు. అందుకే రెండింటినీ పోల్చిన లెక్కలను కొంచెం ఆచితూచి చదవాలి. ఎక్కువ భాగం ఒక అంచనాను ఇంకో అంచనాతో తూచినట్టే.

మా వైపు ఈ తేడా బస్సు చార్జీలతో సహా తెలుస్తుంది. 2016 అక్టోబరు దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు మెడికల్ కాలేజీలు 2022లో, గద్వాలకు 2024లో వచ్చాయి. స్కానింగ్ మిషను ఊరికి దగ్గరగా ఎప్పుడో వచ్చింది. సూది వేసి, ఆ కణాలను చదివే పెథాలజిస్టు వెనకాల మెల్లగా వస్తున్నాడు. ఈ సందులో, స్కానింగ్ కాగితాన్నే తీర్పు అనుకుని ఎంతమంది భయపడ్డారో!

మేము తుంగభద్ర దాటి కర్నూలు పోయాం. “పొడిస్తే అది రేగుతదంట గదా?” అంది చిన్నమ్మ దారిపొడుగునా. థైరాయిడ్‌లో అట్లా జరగడం బహు అరుదని చెప్పినా నమ్మలేదు. ఫలితం మూడో తరగతి. ఎటూ తేలనిది. వెంటనే కోయించేద్దామని ఇంట్లో పట్టు. మూడు నెలలు ఆగి మళ్లీ సూది వేయించుదామని నేను. ఆ మూడు నెలలూ చిన్నమ్మ అద్దం ముందు నిలబడి గొంతు తడుముకుంటూనే ఉంది. ఆగమన్న నాకూ నిద్ర పట్టలేదు.

రెండోసారి రెండో తరగతి వచ్చింది.

“అయితే లేదని రాసిచ్చిండ్రా?”

“లేదని కాదు చిన్నమ్మా. ఉండకపోవచ్చని. ఏడాదికి మళ్లీ స్కానింగ్.”

చిన్నమ్మ రెండు కాగితాలూ మడిచి, బియ్యం డబ్బా కింద రేషన్ కార్డు పక్కన పెట్టింది. “మంచిది, మళ్ల యేడు కూడా నువ్వే రావాల” అంది.