ఓర్ఛా ఛత్రీల మీద రాబందులు

మధ్యప్రదేశ్‌లో బేత్వా ఒడ్డున ఓర్ఛా ఉంది. బుందేలా రాజుల స్మారక ఛత్రీలకు పేరున్న ఊరు. 1783లో రాజధాని తెహ్రీకి, అంటే నేటి టీకమ్‌గఢ్‌కు, తరలిపోయాక ఊరు చిన్నబోయింది గాని ఆ కట్టడాలు ఖాళీగా లేవు. పై అంతస్తుల అంచుల మీద పుల్లలు పేర్చుకుని పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కడతాయి. వాటి కింద గోడ పొడుగునా తెల్లటి రెట్ట చారలు. ఇది కొండచరియల్లో గుడ్లు పెట్టే జాతి. మన ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కాపురం పెట్టినవీ ఇవే. మనిషి చేరలేని ఎత్తు, కాళ్ళూనే వెడల్పు దొరికితే చాలు. ఆ రాయిని నిలబెట్టింది తాపీమేస్త్రి అయినా వాటికి పట్టదు. ఛత్రీలను కాపాడేవాళ్ళు ఈ గూళ్ళనూ కట్టడంలో భాగంగానే లెక్కించాలన్నది నా వాదన.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. రాబందులు గూళ్ళు లేక చావలేదు, పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వల్ల చచ్చాయి. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తింటే వాటి మూత్రపిండాలు పాడవుతాయి. చచ్చిన పక్షిని కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు పేరుకుని ఉంటుంది. 1990లలో మొదలైన ఈ పతనంలో 90 శాతానికి పైగా పోయాయి. లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన 2004లో కారణం తేల్చింది, 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల పాకలకు చేరుతుంటే, 2015లో వాటినీ 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది. విషం మేతలో ఉంటే గోడ అంచుల గొడవ దేనికి? ఈ పక్షి ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు గనక. ఇంత తక్కువగా మిగిలినచోట ఒక గూడు చెదిరితే ఆ జంటకు ఆ ఏడు పోయినట్టే.

రెట్ట సున్నపు పూతను పాడుచేస్తుంది, నిజమే. కాని పగుళ్ళలో మొలిచిన రావి వేళ్ళు రాళ్ళనే విడదీస్తాయి. అసలు చిక్కు కాలంతో. రాబందులు గుడ్లు పెట్టేది చలికాలంలో, పరంజాలు కట్టడానికి అనువైనదీ అదే. అందుకే పై అంతస్తు పని వేసవిలో పిల్ల ఎగిరిపోయాక మొదలై కార్తీకంలోగా ఆగాలి. నడుమ వానలు అడ్డొచ్చి పని మరో ఏడాదికి సాగొచ్చు. 1627లో పోయిన బుందేలా రాజు బీర్ సింగ్ దేవ్ ఛత్రీకి ఆ ఆలస్యం ఒక లెక్క కాదు. విరిగిన అంచును సరిచేసేటప్పుడు దాని వెడల్పు తగ్గించకూడదన్న షరతు కూడా టెండరులోనే ఉండాలి.