విమర్శలో చెయ్యి ఉంది

కామారెడ్డి జిల్లా పేజీ తెరిస్తే మూడు మాటలు తరచూ కంటపడతాయి. ధాన్యం కొనుగోళ్ల మీద కలెక్టరేట్‌లో సమీక్ష జరుగుతుంది. ప్రభుత్వాన్ని ప్రతిపక్షం విమర్శిస్తుంది. ఎల్లారెడ్డి వైపు ఏదో ఊళ్లో వడగళ్లకు పంట పోతే నాయకులు వెళ్లి రైతును పరామర్శిస్తారు. మూడూ సంస్కృతం నుంచి వచ్చి మన నోట ఎంతగా నలిగిపోయాయంటే, వాటి పుట్టుక ఎవరికీ పట్టదు. వీడియో గేమ్‌కు న్యాయమైన, పనికొచ్చే రివ్యూ ఎలా ఉండాలన్న ప్రశ్నకు జవాబు ఆ పుట్టుకలోనే దొరుకుతుందని నా నమ్మకం.

సమీక్షలో ఉన్నది ‘ఈక్ష్’ ధాతువు. చూడటం దాని అర్థం. ‘సమ్’ చేరితే బాగా, అంతా కలిపి చూడటం. ఈ ధాతువుది పెద్ద కుటుంబం. చుట్టూ తిరిగి చూస్తే పరీక్ష. తెలుగులో ఎదురుచూపులకు నిరీక్షణ. కోరికతో చూస్తే అపేక్ష. చూసీ చూడనట్టు వదిలేస్తే ఉపేక్ష. తెర ముందు కూర్చుని చూసేవాడు ప్రేక్షకుడు. ట్రైలర్ వచ్చిన రోజు నుంచి గేమ్ కోసం మనం పడే ఆరాటమంతా ఈ మాటల్లోనే ఉంది: మొదట నిరీక్షణ, ఆ వెంట అపేక్ష, తీరా విడుదలయ్యాక అభిమానం కొద్దీ ఉపేక్ష.

విమర్శది వేరే ధాతువు, ‘మృశ్’. తాకడం, నిమరడం, చేత్తో తడిమి చూడటం. ఆలోచించడం అన్న అర్థం ఆ తాకడం నుంచే ఎదిగింది. పరామర్శ దీనికి తోబుట్టువు. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి మంచిచెడ్డలు అడగటం ఇంకా ధాతువుకు దగ్గరగానే ఉంది. విమర్శ మాత్రం తిట్టుకు మారుపేరైపోయింది. ఇలా జారిపోయిన మాట ఇదొక్కటే కాదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి పుస్తకం ‘కవిత్వతత్త్వ విచారము’ అన్న పేరుతో వచ్చినప్పుడు విచారమంటే ఆరా తీయడం, లోతుగా పరిశీలించడం. ఇవాళ విచారమంటే దిగులు. విచారణ పోలీస్ స్టేషన్‌కూ కోర్టుకూ వెళ్లిపోయింది. మంచీచెడూ తేల్చడానికి పెద్దలు ఇచ్చిపోయిన మాటలు ఒక్కొక్కటీ ఏదో ఒక బాధలో కలిసిపోయాయి. అందుకే కాబోలు, ఫలానా గేమ్‌లో ఈ లోపం ఉందని చెప్పగానే మన కుర్రాళ్లు ‘వీడికి ఆ గేమంటే పడదు’ అనేస్తారు. లోపం చెప్పడం కూడా ఆటను ఇష్టపడేవాళ్లు చేసే పనే అని చెప్పడానికి మనకు మాట మిగల్లేదు.

తెలుగులో రివ్యూ అనగానే గుర్తొచ్చేది సినిమా. రెండు ముప్పావు, మూడుంబావు అంటూ పావు మార్కుల దాకా లెక్కకట్టే అలవాటు మనది. గేమ్ రివ్యూలు చేసేవాళ్లూ అదే అచ్చులో పోస్తున్నారు: కథ, గ్రాఫిక్స్, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్, చివర ఐదుకు ఇన్ని. మన భాష మాత్రం ఈ రెంటినీ ఎప్పుడూ ఒక గాటన కట్టలేదు. సినిమా ఆడుతుంది. వంద రోజులు ఆడిందనో, అసలు ఆడలేదనో అంటాం. అక్కడ కర్త సినిమా. గేమ్ మనం ఆడతాం. ఇక్కడ కర్త ఆడేవాడు. ప్రేక్షకుడికీ సమీక్షకూ ధాతువు ఒకటే కాబట్టి ఆ జోడీ కుదిరింది. ఆటగాడికి చూపుతో పుట్టిన మాట చాలదు. చేతితో పుట్టిన మాట కావాలి.

2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, 2021 జూలైలో దాని స్థానంలోకి వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియానే తీసుకోండి. వీడియోలో చూస్తే అంతా పొందిగ్గా ఉంటుంది. అదే గేమ్‌ను నాలుగు జీబీ ర్యామ్ ఫోన్లో, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో కూర్చుని ఆడే కుర్రాడి చేతిలో పెట్టండి. ఆటలో క్షేమంగా నిలబడగల చోటును చుట్టిన చివరి వలయం కుంచించుకుపోయి, మిగిలినవాళ్లంతా ఒకే దిబ్బ చుట్టూ చేరతారు. సరిగ్గా అప్పుడే ఫోన్ వెనక భాగం కాలుతుంది. బొమ్మ తడబడుతుంది. చెమటకు ఎడమ బొటనవేలు అద్దం మీద జారుతుంది. కుడి వేలు మీట నొక్కాక అరక్షణం ఆగి తుపాకీ పేలుతుంది. పింగ్, అంటే ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఆలస్యం, మూడు వందల మిల్లీసెకన్లు దాటిందంటే, ఎదుటివాడు కనబడుతున్న చోట నిజానికి లేడు. ఇదేదీ కంటికి దొరికేది కాదు. లక్ష రూపాయల ఫోన్ మీద ఆడినవాడు ‘మక్ఖన్ లెక్క నడుస్తుంది’ అంటే అబద్ధమేమీ కాదు. కానీ ‘ఎట్లుందన్నా?’ అని అడిగిన ఆ కుర్రాడికి దక్కిందేమీ లేదు. ఏ ఫోన్, ఎంత ర్యామ్, ఏ సెట్టింగ్, ఇంట్లో వైఫైనా లేక రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకా, ఇవి ముందు చెప్పి ఆ తర్వాత బాగుందో లేదో చెప్పాలి.

నిజాయితీ ఉన్నా న్యాయం జరగకపోవచ్చు. 2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 అనే గేమ్ విడుదలైంది. అంతకుముందు రివ్యూ రాసేవాళ్లకు దాన్ని తయారుచేసిన కంపెనీ ఇచ్చినవి పీసీ ప్రతులే. తాము ఆడిన దృశ్యాలను చూపించడానికీ వీల్లేదు, కంపెనీ అందించిన వీడియోనే వాడుకోవాలి. మార్కులు బ్రహ్మాండంగా పడ్డాయి. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద కొన్నవాళ్లకు మాత్రం అడుగడుగునా ఆగిపోయే, కూలిపోయే ఆట చేతికొచ్చింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. ఆ రివ్యూలు రాసినవాళ్లలో ఎక్కువమంది నిజమే రాశారు. వాళ్ల చెయ్యి తాకినదీ జనం చేతికొచ్చినదీ ఒకటి కాదు, అంతే. కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరు. బెల్లం తెలిసినవాడు అమ్మేవాడు అందించిన ముక్కతో తృప్తిపడడు. కుప్పలోంచి తానొకటి తీసి, విరిచి, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకున్నాకే ధర మాట ఎత్తుతాడు.

పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ప్రతి అభిప్రాయం పక్కనా రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. నక్షత్రాల కన్నా నాకు ఆ అంకె మీదే గురి. నాటకశాస్త్రం చదివినవాళ్లకు దీని కారణం తేలిగ్గా అర్థమవుతుంది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని నాటకానికి ఐదు సంధులు. ఫలం అందబోతుండగా అడ్డంకి వచ్చి, దొరుకుతుందా లేదా అని తర్జనభర్జన పడే నాలుగో దశ పేరే విమర్శ. గేమ్ గుణం బయటపడేదీ అక్కడే. మొదట్లో ఆట మనల్ని ముద్దుచేస్తుంది. తేలిక గెలుపులు, ఉచిత బహుమతులు, పొగడ్తలు. ఆ ముద్దు తీరాక చాలా ఫోన్ గేముల్లో శక్తి అయిపోతుంది, నాలుగు గంటలు ఆగమంటుంది, ఆగలేకపోతే పైసలు కట్టమంటుంది. పీసీ గేమ్‌ను స్టీమ్‌లో వాపసు ఇవ్వాలంటే కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటల ఆట లోపు అడగాలి. కొనేవాడికున్న గడువు అంతే కాబట్టి, ఆ రెండు గంటల తర్వాత ఏం జరుగుతుందో చెప్పాల్సిన బాధ్యత రివ్యూ చేసేవాడిది. పూర్తిచేయకుండా రాస్తే తప్పులేదు. ఎక్కడ ఆపాడో రాయకపోతే తప్పు.

మనవాళ్లదన్న మమకారం ఇంకో చిక్కు. 2017లో బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ‘బాహుబలి: ది గేమ్’ తెచ్చింది. కోట కట్టి, సేనను పెంచి, శత్రువు దండెత్తితే కాచుకునే ఆట. 2012 నాటి క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడినవాళ్లకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు. మాహిష్మతి పేరు వినగానే ఒళ్లు పులకరించడం సహజం, ఆ పులకింతనూ రివ్యూలో చెప్పవచ్చు. అయితే అది సినిమా ఇచ్చినది. కోట గోడ ఎక్కడ కట్టాలా అని ఆడేవాడు నిజంగా బుర్ర పెట్టాల్సి వస్తోందా అన్నది ఆట ఇచ్చేది. రెంటినీ విడదీసి చెప్పకపోతే అది ఉపేక్షే.

డబ్బు సంగతి చివర రాస్తున్నా, ఇంట్లో పెద్దలకు కావాల్సింది మొదట అదే. మన రాష్ట్ర చట్టంలో ‘గేమింగ్’ అంటే జూదం. తెలంగాణ 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధంలోకి తెచ్చింది. పేకాటలో ఉన్నదీ ‘ఆట’ అన్న మాటే కాబట్టి, పిల్లవాడు గేమ్ ఆడుతున్నాడంటే తల్లి గుండె ఝల్లుమనడంలో ఆశ్చర్యం లేదు. ఆ భయానికి సరైన సమాధానం చెప్పగలిగింది దాన్ని చేత్తో ఆడి చూసినవాడే. గేమ్‌ను డబ్బు పెట్టి కొన్నాడా, కంపెనీ ఊరికే ఇచ్చిందా, వీడియో చేసినందుకు పైకం పుచ్చుకున్నాడా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చేయాలి. ఆ తర్వాత లోపలి బజారు గురించి రాయాలి: ఏముందో తెలియని పెట్టెలను అమ్ముతున్నారా, కోరుకున్న వస్తువు దొరికే అవకాశం నూటికి ఎంతో చెప్పారా, పైసా కట్టకుండా ఆడేవాడు ఎంత దూరం పోగలడు, అమ్మ ఫోన్లో ఆడుతున్న పిల్లవాడు ఆమెకు తెలియకుండా ఏదైనా కొనేయగలడా.