అమెరికాలో కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు: మద్యం నేరాలు, అనర్హత

అమెరికాలో భారీ ట్రక్కులు, బస్సులు నడపడానికి తప్పనిసరైన కమర్షియల్ డ్రైవర్ లైసెన్సును రాష్ట్రాలే జారీ చేస్తున్నా, 1986 నాటి చట్టం ఆధారంగా ఏర్పడిన అనర్హత నియమాలు దేశమంతటికీ వర్తిస్తాయి. సాధారణ వాహనదారుకు రక్తంలో మద్యం పరిమితి దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ 0.08 శాతం కాగా, వాణిజ్య వాహనం నడిపేవారికి అది 0.04 శాతమే, విధులకు 4 గంటల ముందు నుంచీ మద్యం ముట్టరాదు.

మొదటి నేరానికి ఏడాది, ఆ వేళ వాహనంలో ప్రమాదకర పదార్థాలుంటే మూడేళ్లు, మరో ఘటనలో రెండోసారి దొరికితే జీవితకాలం అనర్హత పడుతుంది; అయితే పునరావాస కార్యక్రమం పూర్తిచేసినవారికి పదేళ్ల తరువాత రాష్ట్రం లైసెన్సును పునరుద్ధరించవచ్చు. పరీక్షకు నిరాకరించినా ఫలితం ఇదే. వీటన్నిటిలో కఠినమైనదీ, జీవనోపాధిని నేరుగా తాకేదీ ఏమంటే, సెలవురోజున సొంత కారును తాగి నడిపి దోషిగా తేలినా ట్రక్కు నడిపే హక్కు ఏడాదిపాటు పోతుంది. శిక్షణ తరగతులకు పంపి ఆ నేరాన్ని రికార్డులో కనిపించకుండా చేసే వెసులుబాటును రాష్ట్రాలు ఈ లైసెన్సుదారులకు ఇవ్వరాదు.

డ్రైవర్ల మద్యం, మాదకద్రవ్యాల ఉల్లంఘనలను నమోదుచేసే జాతీయ సమాచార నిధి 2020 జనవరిలో అమలులోకి రాగా, నియామకానికి ముందు యజమాని దానిని తప్పక పరిశీలించాలి. అందులో నిషేధ స్థితిలో ఉన్నవారి వాణిజ్య లైసెన్సును రాష్ట్రాలు సాధారణ లైసెన్సు స్థాయికి తగ్గించాలన్న నిబంధన 2024 నవంబరు 18 నుంచి అమలులో ఉంది.