మెట్‌పల్లి జీపుకు పుట్టినూరు టొలీడో

పాతికేళ్ల కింద మెట్‌పల్లి బస్టాండు బయట నిలబడితే మొదట చెవిన పడేది "కోరుట్ల, కోరుట్ల" అన్న కేక. కమాండర్ జీపు వెనక మెట్టు మీద ఒంటికాలితో నిలబడి క్లీనర్ పిలుస్తుండేవాడు. లోపల ఎదురెదురు సీట్లు, మోకాలికి మోకాలు తగులుతూ జనం, కాళ్ల సందున కార్ఖానాకు పోయే బీడీల గంపలు. ఇంకొక్కరు ఎక్కితే తప్ప బండి కదిలేది కాదు. ఆ ఒక్కరికీ చోటు దొరికేది.

ఈ జీపు వంశం మూలాలు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టొలీడో అనే ఊళ్లో ఉన్నాయి. నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలని 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో నమూనా చేసి ఇచ్చింది. దాన్ని గీసినవాడు కార్ల్ ప్రాబ్‌స్ట్. అయితే బాంటమ్‌కు వేలకు వేలు తయారుచేసే స్తోమత లేదని పెద్ద ఆర్డర్లు టొలీడోలోని విల్లీస్‌కు, ఫోర్డ్‌కు పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోపు ఆ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. కీర్తి విల్లీస్‌కు మిగిలింది. బాంటమ్‌కు జరిగింది అన్యాయమేనని నా అభిప్రాయం.

యుద్ధం కాగానే విల్లీస్ జీపు కుటుంబాన్ని పెంచింది. 1945లో రైతుల కోసం సీజే-2ఏ, 1946లో స్టేషన్ వ్యాగన్, 1947లో ట్రక్కు, 1948లో షోకుగా తిరిగేవాళ్లకు జీప్‌స్టర్. తర్వాత డ్రైవరు సీటును ముందుకు జరిపిన ఎఫ్‌సీ-150 వచ్చింది.

ఇక ఆ జీపు మన దేశానికి వచ్చిన కథ. 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపును బిగించింది. దేశం రెండయ్యాక భాగస్వామి మహమ్మద్ పాకిస్తాన్‌కు పోయి ఆర్థికమంత్రి అయ్యాడు. ఇక్కడ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మనకు బాగా తెలిసిన ఎత్తు బానెట్ జీపు సీజే-3బీ. కొత్త ఇంజిన్ పొడుగైందని బానెట్‌ను పైకి లేపారు, అంతే. అమెరికా 1968లో దాన్ని మానేసినా మన దగ్గర దాని సంతతి పెరుగుతూనే వచ్చింది.

ఎందుకు నిలిచిందో ఇంజిన్ చూస్తే తెలుస్తుంది. ట్రక్కులకు పేరుపడ్డ మరో అమెరికన్ కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా 1963లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. ఆ బీ-275 ట్రాక్టరు డీజిల్ ఇంజినే తర్వాత జీపులోకి వచ్చింది. ఇక ట్రాక్టరు పని తెలిసిన మేస్త్రీకి జీపు పనీ తెలిసినట్టే. 1979లో ఫ్రాన్స్ ప్యూజో డీజిల్ ఇంజిన్‌కు లైసెన్సు దొరికింది. 1991లో కమాండర్ దిగింది. బస్సు పోని ఊళ్లకు అదే బస్సయింది.

తెలంగాణకు ఇంకో బంధం జహీరాబాద్. అక్కడి ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ 1980ల చివర్లో మహీంద్రా చేతికొచ్చింది. 2015లో వచ్చిన చిన్న ట్రక్కు జీతో అక్కడే తయారైంది.

2018లో మహీంద్రా ఆ పాత జీపు పోలికతోనే రాక్సర్ అనే బండిని అమెరికాలో అమ్మకానికి పెడితే, జీప్ బ్రాండు యజమానులు మా రూపం కాపీ కొట్టారని కేసు వేశారు. 2020లో తీర్పు వాళ్లకే అనుకూలంగా వచ్చింది. రాక్సర్ ముఖం మార్చాక గానీ అమ్మనివ్వలేదు.

మెట్‌పల్లి చుట్టుపక్కల ఎవరి పెరట్లోనైనా పాత జీపు తుప్పు పడుతూ ఉంటే ఒక మాట. పాత ఇనుముకు తూకం వేయించే ముందు దాని ఫొటో తీయండి, ఇంజిన్ నంబరు రాసిపెట్టండి, అది నడిపిన డ్రైవర్‌ను కూర్చోబెట్టి ఏ ఏ ఊళ్లకు తిప్పాడో అడగండి.