బడి ఎగవేతకు శిక్ష: కామాఠిపుర, ఫాక్‌లాండ్ రోడ్

బిడ్డ బడికి రాకపోతే ఎవరిని దండించాలి, ఆ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న ముంబైలోని కామాఠిపురలో చాలా సూటిగా ఎదురవుతుంది. తెలంగాణ నుంచి కట్టుబడి పనులకు వలసవచ్చిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. ఫాక్‌లాండ్ రోడ్ దాని పక్కదే. బొంబాయి ప్రాథమిక విద్యా చట్టం (1947) వంటి నిర్బంధ విద్యా చట్టాలు బిడ్డను పంపని తల్లిదండ్రులకు జరిమానా పెట్టాయి. ఖజానాకు ఇది చౌకగా కనిపిస్తుంది. కానీ హాజరు అధికారి జీతం, నోటీసులు, మేజిస్ట్రేటు సమయం ప్రజల సొమ్మే. కోర్టు వాయిదాకు వెళ్లిన రోజు చాల్‌లోని (ఇరుకు గదుల అద్దె భవనంలోని) కుటుంబానికి కూలి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి బిడ్డే పనికి వెళ్లాల్సి వస్తుంది.

తర్వాత చట్టం దృష్టి మారింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు (1993) పద్నాలుగేళ్ల దాకా ఉచిత విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చేరిక, హాజరు బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. పదో సెక్షన్ తల్లిదండ్రులకు కర్తవ్యం చెప్పింది గానీ శిక్ష చెప్పలేదు. దీనితో ఖర్చు పెరిగిన మాట నిజం: బడి మానినవారికి ప్రత్యేక శిక్షణ, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులకు ఉపాధ్యాయులు కావాలి. భయం లేకపోతే నిర్లక్ష్యం పెరుగుతుందన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే పేదరికం వల్ల మానిన బిడ్డను జరిమానా వెనక్కి తేలేదు. రాత్రి పనిచేసే తల్లుల పిల్లలకోసం ప్రేరణ సంస్థ కామాఠిపురలో నడిపిన రాత్రి సంరక్షణ కేంద్రం అసలు అవసరమేమిటో చూపింది. కోర్టుల మీద పెట్టే డబ్బు అలాంటి కేంద్రాలకే వెళ్లాలి.