లైటు ఆరిపోయినా తీగలో కరెంటు ఎందుకుంది? పాత ఇంటి రెండు ఫ్యూజుల కథ

ఇవాళ్టి చరిత్రలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. మీ అమ్మమ్మగారి ఇంట్లోనో, మీరు అద్దెకుంటున్న పాత ఇంట్లోనో మీటరు కింద చెక్క బోర్డు ఉంటుంది కదా? దాని మీద రెండు తెల్లటి పింగాణీ బిళ్ళలుంటాయి. కిట్‌కాట్ అంటారు చూడండి, అవే. లాగితే ఊడి వస్తాయి, లోపల సన్నటి ఫ్యూజు తీగ ఉంటుంది. ఇంటికి వచ్చేది ఒక్క ఫేజే. మరి ఫ్యూజులు రెండెందుకు?

గుంటూరు జిల్లాలో మా బంధువుల పెంకుటిల్లు ఒకటుంది. గోడల మీద టేకు పట్టీలు, వాటి మీద రేకు క్లిప్పులతో బిగించిన తీగలు, గుండ్రటి నల్ల స్విచ్చులు. ఒకరోజు ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోయాయి. పక్కింట్లో మాత్రం కరెంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్ పాయింటులో టెస్టర్ పెడితే ఒక రంధ్రంలో కాదు, రెండింట్లోనూ వెలిగింది! ఫ్యాను తిరగట్లేదు, టెస్టరేమో రెండు చోట్లా వెలుగుతోంది. "ఇదేం విడ్డూరమయ్యా" అన్నారు ఇంట్లో పెద్దాయన. "న్యూట్రల్ ఫ్యూజు పోయిందండీ, ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అన్నాడతను.

ఏం జరిగిందంటే, కరెంటు ఫేజు తీగలో వచ్చి, ఫ్యాను గుండా వెళ్ళి, న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్ళాలి. తిరిగి వెళ్ళే దారి తెగింది. స్విచ్ వేసే ఉంది కాబట్టి ఫేజు ఫ్యాను దాటి వచ్చి, తెగిన చోటు దాకా న్యూట్రల్ తీగలో నిలబడిపోయింది. మామూలుగా షాక్ కొట్టని తీగ కూడా ఇప్పుడు కొడుతుంది. చూసేవాళ్ళకు మాత్రం ఇల్లంతా కరెంటు పోయినట్టే ఉంటుంది.

అసలు న్యూట్రల్‌లో ఫ్యూజు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? దీనికి చాలా వెనక్కి వెళ్ళాలి.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ ఇళ్ళకు, ఆఫీసులకు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు. అది డీసీ, సుమారు 110 వోల్టులు. ఆ తొలిరోజుల డీసీ లైన్లలో రెండు తీగలుండేవి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. ఏ తీగనూ కావాలని భూమికి కలపని పద్ధతిలో రెండూ సమానమే. ఒకటి ప్రమాదం, ఇంకోటి కాదు అనే తేడా లేదు. ఎక్కడో తడి గోడకు ఏ తీగ తగులుతుందో ముందే చెప్పలేం. అందుకే రెండింటికీ చెరొక ఫ్యూజు. ఆ కాలానికి అది తెలివైన పనే.

మన దేశంలోనూ డీసీ నడిచింది. 1899లో కలకత్తాలో మొదలైన సరఫరా డీసీయే. దాంతోపాటు బ్రిటిష్ వైరింగ్ పద్ధతులూ వచ్చాయి. ఎరుపు, నలుపు తీగలు, గుండ్రటి పిన్నుల ప్లగ్గులు, రెండు ఫ్యూజుల బోర్డులు.

తర్వాత ఏసీ వచ్చింది. ఏసీలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే న్యూట్రల్‌ని భూమికి కలిపేస్తారు. మన ఊళ్ళల్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం నీళ్ళు పోసే గుంత ఉంటుందే, అది అందుకే. అప్పటి నుంచి రెండు తీగలూ సమానం కాదు. ఫేజులో 230 వోల్టులు, న్యూట్రల్‌లో దాదాపు సున్నా. లెక్క మారిపోయింది, బోర్డు మీద బిళ్ళలు మాత్రం రెండే ఉండిపోయాయి.

ఇక్కడే అసలు ముప్పు. షార్ట్ అయినప్పుడు రెండు ఫ్యూజుల్లోనూ వెళ్ళే కరెంటు ఒకటే. ఏది ముందు కాలుతుందో చెప్పలేం. ఫేజు ఫ్యూజు కాలితే ఇల్లు క్షేమం. న్యూట్రల్ ఫ్యూజు కాలితే చీకటి పడుతుంది, తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. "లైటు పోయింది కదా" అని బల్బు హోల్డర్ విప్పేవాడి ప్రాణం బొమ్మా బొరుసూ మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇది ప్రభుత్వానికి తెలియక కాదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 32వ నిబంధన దీని గురించే. భూమికి కలిపిన న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ, స్విచ్ గానీ పెట్టకూడదు. పెడితే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగే జంట స్విచ్ అయి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో పుట్టింది. అంటే మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళకు కరెంటు వచ్చేసరికే ఈ నిబంధన ఉంది. అయినా ఆ తర్వాత కట్టిన ఇళ్ళల్లో కూడా నేను రెండు కిట్‌కాట్లు చూశాను. నిబంధన కాగితం మీద మారింది. పనివాళ్ళు మాత్రం తమకు పని నేర్పినవాళ్ళ దగ్గర ఎలా చూశారో అలాగే బిగించారు.

కొన్ని ఇళ్ళల్లో ఒక కిట్‌కాట్‌లో ఫ్యూజు తీగ బదులు లావు రాగి తీగ ఉంటుంది. అది న్యూట్రల్ వైపైతే, ఎవరో తెలిసినవాళ్ళు కావాలనే చేసి ఉండొచ్చు. అదే ఫేజు వైపుంటే ఇంటికి ఫ్యూజే లేనట్టు. స్తంభం దగ్గర సర్వీసు వైరు మార్చినప్పుడు రెండూ తారుమారైతే, నిన్నటిదాకా మంచిదే అయిన ఏర్పాటు ఇవాళ అపాయం అవుతుంది. కాబట్టి తీగ రంగు చూసి నమ్మొద్దు.

మరి మనమేం చేయాలి? పాత ఇంట్లో కరెంటు పోతే, లైటు వెలగట్లేదని తీగ ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆపాలి. అప్పుడు కూడా టెస్టర్‌ని ముందు పనిచేసే చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాత రెండు తీగలూ పరీక్షించాలి. బోర్డు మార్చే పని మీరు చేయకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పిలిచినప్పుడు మూడు మాటలు అడగండి: న్యూట్రల్‌లో విడి ఫ్యూజు ఉందా? డబుల్ పోల్ మెయిన్, ఆర్‌సీసీబీ పెడతారా? ఎర్తింగ్ పనిచేస్తోందా?

డబుల్ పోల్ మెయిన్ రెండు తీగల్నీ ఒకేసారి తెంపుతుంది. రెండు తీగలకూ కాపలా కావాలన్న ఆ పాతకాలపు ఆలోచనే అది, కాకపోతే ఇప్పుడు సరిగ్గా కుదిరింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీటరు బోర్డు ఒకసారి చూడండి. చూడండి చాలు, చెయ్యి పెట్టకండి. రెండు కిట్‌కాట్లు కనిపిస్తే ఫోన్‌లో ఫొటో తీసి, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.